పీడకలకు మందు: పరీక్ష మొదటి నుంచి చివరిదాకా

ఘోరమైన సంఘటన తర్వాత మనసును వెంటాడే జబ్బు పీటీఎస్‌డీ. దానికని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదముద్ర వేసిన మందులు రెండే. 1999లో సెర్ట్రలిన్, 2001లో పారోక్సెటిన్. రెండూ అప్పటికే దిగులు జబ్బుకు వాడుతున్నవే. ఇరవై ఏళ్లు దాటిపోయినా మూడోది రాలేదు. ఎవరూ ప్రయత్నించక కాదు. బీపీ మాత్ర వచ్చింది, మత్తుమందు వచ్చింది, స్కిజోఫ్రీనియాకు వాడే మాత్ర వచ్చింది. అన్నీ ఆఖరి మెట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో తెలియాలంటే ఈ జబ్బుకు మందును ఎలా పరీక్షిస్తారో ముందు తెలియాలి.

ఆ పనిని మెట్టు మెట్టుగా చెప్తాను. చెప్పేటప్పుడు నా ముందు ఉండేది అమెరికా మాజీ సైనికుడు కాదు, అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం మండలంలోని మనిషి. ఈ జబ్బు మీద పెద్ద పరీక్షలు చాలావరకు బయటి దేశాల్లోనే జరిగాయి. 2015–16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో తిరిగింది, అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. లెక్కలోకే రాని మనిషి పరీక్షలోకి ఎలా వస్తాడు? వచ్చే రోజుంటే అక్కడ ఏం జరగాలో, ఏం జరగకూడదో ముందే మాట్లాడుకోవడం మంచిది.

ముందు జబ్బును తేల్చాలి

ప్రతి బాధా పీటీఎస్‌డీ కాదు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ల అవస్థ చూశాక, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని తన జబ్బుల పట్టికలో చేర్చింది. ఇప్పటి నియమం ప్రకారం మనిషి చావునో, చావు భయాన్నో, పెద్ద గాయాన్నో, లైంగిక దాడినో ఎదుర్కొని ఉండాలి. లేదా మరొకరికి జరగ్గా కళ్లారా చూసి ఉండాలి. అయినవాళ్లకు హింస వల్లో ప్రమాదం వల్లో అలా జరిగిందని విన్నా లెక్కకు వస్తుంది.

అనంతపురంలో ఈ గీత ఎక్కడ పడుతుందో చూడండి. వాన మొహం చాటేసి, వేసిన బోర్లన్నీ ఎండి, అప్పు పెరిగి రైతు కుంగిపోతే అది పెద్ద కష్టం. దిగులు జబ్బు కావచ్చు. పీటీఎస్‌డీ మాత్రం కాదు. ఆ అప్పుకే పురుగుల మందు తాగి పడిపోయిన భర్తను పొలంలో మొదట చూసిన భార్యకు అది రావచ్చు. ఫ్యాక్షన్ గొడవల్లో పక్కనే నాటుబాంబు పేలి బతికి బయటపడ్డవాడికి రావచ్చు. 44వ నంబరు హైవే మీద లారీ గుద్దిన ఆటోలోంచి లేచి వచ్చిన కూలీకి రావచ్చు. నెల దాటినా లక్షణాలు పోకపోతేనే ఆ పేరు పెడతారు.

లక్షణాలు 20, గుంపులు నాలుగు. జరిగింది వద్దన్నా మళ్లీ మళ్లీ గుర్తుకు రావడం, పీడకలలు ఒక గుంపు. ఆ చోటుకు, ఆ మాటకు, ఆ వాసనకు దూరంగా తప్పుకు తిరగడం రెండోది. తప్పంతా తనదే అనిపించడం, ఎవరి మీదా మమకారం లేకపోవడం, మనసు మొద్దుబారడం మూడోది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం నాలుగోది. రక్తపరీక్షలో ఇవేవీ కనబడవు, స్కాన్‌లో కూడా తేలవు. మనిషి చెప్పిందే ఆధారం. ఈ జబ్బు మందుల పరీక్షలో కష్టమంతా ఇక్కడే పుడుతుంది, చివరిదాకా వెంట వస్తుంది.

మందు ఎక్కడి నుంచి వస్తుంది

రెండు దారులున్నాయి. ఒకటి పాత మందుకు కొత్త పని అప్పగించడం. సియాటిల్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి డాక్టర్ ముర్రే రాస్కిండ్ బీపీకి వాడే ప్రజోసిన్‌ను పీడకలల కోసం ఇచ్చి చూశాడు. నోరాడ్రినలిన్ అనే రసాయనం రాత్రిపూట కూడా మెదడును కాపలా కూర్చోబెడుతుందని, ప్రజోసిన్ దాని పనికి అడ్డుపడుతుందని ఆయన ఆలోచన. పాత మందుతో సౌకర్యం ఏమిటంటే, మనుషుల్లో దాని మంచిచెడ్డలు అప్పటికే తెలుసు.

రెండోది కొత్త అణువు. అది ముందు ఎలుకల దగ్గరికి వెళ్తుంది. ఒక శబ్దం వినిపించి పాదాలకు చిన్న కరెంటు షాక్ ఇస్తారు. కొన్నిసార్లు అయ్యాక షాక్ లేకుండా శబ్దం ఒక్కటే వినిపించినా ఎలుక కొయ్యబారిపోతుంది. షాక్ లేని శబ్దాన్ని పదేపదే వినిపిస్తే ఆ భయం మెల్లగా తగ్గుతుంది. మందు ఇచ్చిన ఎలుకలో భయం ఇంకా తొందరగా తగ్గిందా అని చూస్తారు. ఎలుకలో నెగ్గినవి మనిషిలో ఓడిపోవడం మామూలే. ఎలుకకు సిగ్గు లేదు, తప్పు చేశానన్న భావన లేదు, పిల్లలకు ఏం చెప్పాలన్న బెంగ లేదు.

ఆ తర్వాత విషగుణాల పరీక్షలు. కనీసం రెండు జాతుల జంతువుల్లో ఎంత మోతాదుకు ఏ అవయవం దెబ్బతింటుందో తేల్చాక, మనిషికి ఇచ్చే మొదటి మోతాదును అందులో చిన్న వంతుగా నిర్ణయిస్తారు.

మనుషుల మీద మొదటి మెట్టు ఫేజ్ 1. అందులో సాధారణంగా ఆరోగ్యవంతులైన వాలంటీర్లు ఉంటారు. ఒక్క మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, గంటగంటకూ రక్తం తీసి మందు ఎంతసేపు ఒంట్లో ఉందో చూస్తారు. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక చేదు అనుభవం ఉంది. 2011లో పిడుగురాళ్ల నుంచి పేద కూలీ ఆడవాళ్లను డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కు తీసుకెళ్లి మందుల పరీక్షలు చేశారని బయటపడింది. కూలి దొరకని ఊరికి ఇలాంటి కబురు వస్తే ఎవరు బయలుదేరతారో వేరే చెప్పక్కర్లేదు. వాలంటీరుకు ఇచ్చే డబ్బు ఆ మనిషి పోగొట్టుకున్న సమయానికి సరిపోవాలి. అంతకు మించి ఎర కాకూడదు.

ఏది గెలుపో ముందే రాసిపెట్టాలి

మందు రోగుల దగ్గరికి వెళ్లేముందు ప్రోటోకాల్ రాస్తారు. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వద్దనాలి, ఎన్ని వారాలు, ఏ మోతాదు, దేనితో పోల్చాలి అన్నీ అందులో ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం గెలుపు కొలత. ‘12వ వారంలో లక్షణాల స్కోరు ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) గుంపుకన్నా ఇన్ని పాయింట్లు ఎక్కువ తగ్గితేనే మందు పనిచేసినట్టు’ అని మొదటి రోగి చేరకముందే రాసి పెట్టాలి. ఎంతమందిని చేర్చుకోవాలన్న లెక్క కూడా అక్కడి నుంచే వస్తుంది.

ముందే ఎందుకు? ఫలితాలు వచ్చాక వెతికితే ఎక్కడో ఒకచోట మంచి కనబడుతుంది కాబట్టి. హైదరాబాద్‌లోని సువెన్ లైఫ్ సైన్సెస్ మెదడు జబ్బుల మందులనే పనిగా పెట్టుకున్న సంస్థ. వాళ్ల మాసుపిర్డిన్ అల్జీమర్స్ రోగుల మీద రెండో మెట్టైన ఫేజ్ 2లో 2019లో ముఖ్య కొలతను అందుకోలేకపోయింది. లెక్కలు తిరగేస్తే కొందరు రోగుల్లో ఉద్రేకం తగ్గినట్టు కనబడింది. అప్పుడు చేయవలసిన సరైన పని, ఆ ఉద్రేకాన్నే ముఖ్య కొలతగా పెట్టి కొత్త పరీక్ష మొదలుపెట్టడం. వాళ్లు అదే చేశారు. పీటీఎస్‌డీ మందులకూ ఇదే ధర్మం వర్తిస్తుంది.

అనుమతులు

మన దేశంలో దీనికి 2019 మార్చిలో వచ్చిన ‘న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్’ ఆధారం. డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి కావాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, అందులో కనీసం సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివాళ్లు కావాలి. ఒక మహిళ, ఒక న్యాయం తెలిసిన మనిషి, ఒక మామూలు పౌరుడు తప్పనిసరి. పరీక్ష జరిగే చోట కమిటీ లేకపోతే అదే నగరంలోనో 50 కిలోమీటర్ల లోపులోనో ఉన్న కమిటీ చూడవచ్చు. మొదటి రోగి చేరకముందే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి. ఆ రిజిస్ట్రీ ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

ఒక ఊరి మనిషి ఆ కమిటీలో కూర్చుంటే ఏం అడగాలి? పరీక్షలో ప్లసీబో పడ్డవాళ్లకు మూడు నెలలు ఏ చికిత్సా లేకుండా వదిలేస్తారా అని అడగాలి. ఈ జబ్బుకు మాత్రకన్నా ముందు చేయవలసింది, జరిగినదాన్ని పద్ధతిగా మాట్లాడించి భయాన్ని దించే మానసిక చికిత్స అని వైద్య మార్గదర్శకాలు చెప్తున్నాయి. అలాంటి చికిత్స చేయగలవాళ్లు పెద్ద నగరాల్లోనే ఎక్కువ. నిమ్హాన్స్‌కు బస్సెక్కి బెంగళూరు వెళ్లేవాళ్లు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. ఆ చికిత్స ఈ ఊరిదాకా రానందుకు మందు పరీక్షే దిక్కు కాకూడదు.

సంతకం

బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు ఊరిని కాపాడటానికి బలిగా వెళ్లిన ముసలమ్మ కథ అక్కడ అందరికీ తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాసింది ఆ కథ మీదే. ఊరి కోసం ఒక మనిషి తన ఒళ్లు అప్పగించడం ఆ నేల తలకెత్తుకున్న గొప్ప కథ. మందు పరీక్షలో కూడా కొందరు తమ ఒళ్లు అప్పగిస్తేనే మిగతావాళ్లకు మేలు. నేను ఒక్కటి అడుగుతాను. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుంటే ముసలమ్మ ‘వెళ్లను’ అనగలిగేదా? అనే వీలు లేని చోట ఒప్పుకోలుకు విలువ లేదు. సమ్మతి పత్రానికి ప్రాణం ఆ ‘వద్దు’ అనే వీలే.

ఆ వీలు లేకపోతే ఏమవుతుందో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడ గిరిజన, పేద కుటుంబాల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, మంచిదనే నా నమ్మకం. ప్రశ్న సంతకం గురించి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదిక ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. అమ్మానాన్నల బదులు వార్డెన్ ఒప్పుకున్నాడు.

ఇప్పటి నియమాలు గట్టివే. చదువు రాని మనిషికి సమాచార పత్రం చదివి వినిపించేటప్పుడు పరీక్షతో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కన ఉండాలి. కొత్త అణువు పరీక్షల్లో బలహీన స్థితిలో ఉన్నవాళ్ల సమ్మతిని ఆడియో, వీడియో తీయాలి. అందులో ఆ మనిషికి అర్థమైందన్న సంగతి కూడా కనబడాలి. సంతకం అయిన పత్రం ఒక ప్రతి ఆ మనిషికి ఇవ్వాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 99వ సెక్షన్ మానసిక జబ్బు ఉన్నవాళ్ల మీద పరిశోధనకు వాళ్ల స్వేచ్ఛా సమ్మతి కావాలని విడిగా చెప్తోంది.

పీటీఎస్‌డీలో వీడియోకు ఇంకో కోణం ఉంది. లైంగిక దాడికి గురైన ఆడమనిషి ముందు కెమెరా పెడితే ఆమె ఏం చెప్తుంది? ఒప్పుకోలు రికార్డు చేయడం వేరు, ఆమెకు జరిగింది రికార్డు చేయడం వేరు. కెమెరా ఎప్పుడు ఆన్ అయిందో, ఎప్పుడు ఆపారో ఆమెకు చూపించాలి. సమ్మతి అడిగేవాళ్లు ఆమెకు వైద్యం చేసే డాక్టరు కాకపోతే ఇంకా మంచిది. ‘సార్‌కు వద్దంటే రేపు మాత్రలియ్యరేమో’ అనే భయం మన ఆసుపత్రుల్లో నిజమైన భయం.

మాటను కొలవడం

పరీక్షలో అన్నిటికన్నా నెమ్మదిగా, అన్నిటికన్నా జాగ్రత్తగా జరగవలసిన పని ఇది. క్యాప్స్–5 అనే ఇంటర్వ్యూ ఉంటుంది. 20 లక్షణాల్లో ఒక్కొక్కదానికి 0 నుంచి 4 దాకా వేస్తారు. మొత్తం 80. ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. రోగి తనంతట తాను టిక్కులు పెట్టే ఫారం కాదిది, శిక్షణ పొందిన మనిషి ఎదురుగా కూర్చుని అడగాలి.

“పోయిన నెలలో ఆ సంగతి వద్దన్నా గుర్తుకొచ్చిందా అమ్మా?”

“వస్తానే ఉంటాది సార్.”

ఇంతటితో సున్నానో నాలుగో వేయడానికి లేదు. ఎన్నిసార్లు వచ్చింది? వచ్చినప్పుడు చేతిలో పని ఆగిపోయిందా? మనసు వేరేవైపు తిప్పుకోగలిగారా, లేదా? ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించిందా? ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా అన్న రెండూ కలిపి అంకె వేస్తారు. మన పల్లె మనిషి మొదట చెప్పేది మనసు గురించి కాదు. తల బరువు, గుండె దడ, ఒళ్లు నొప్పులు, కడుపులో మంట. వాటి వెనక ఉన్నదాన్ని అడిగి తెలుసుకునే ఓపిక అడిగేవాళ్లకు లేకపోతే ఆ మనిషి స్కోరు తప్పు పడుతుంది. అంకె తప్పైతే ఎంత మంచి మందైనా ఓడిపోతుంది, చెడ్డ మందైనా గెలుస్తుంది.

అందుకని ప్రశ్నలను తెలుగులోకి తెచ్చాక, ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరు వాటిని తిరిగి ఇంగ్లిష్‌లోకి రాస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు సరిచేస్తారు. నా మాట అడిగితే అది చాలదు. గుంటూరులో పనికొచ్చిన ప్రశ్న సింగనమల దగ్గర పనికి రాకపోవచ్చు. ఆ ప్రశ్నలను అనంతపురం ఆడవాళ్ల మధ్య చదివి వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల నోటితో చెప్పించుకోవాలి.

గదికి తలుపు ఉండాలి. అత్తో, భర్తో పక్కన కూర్చుంటే జవాబు మారిపోతుంది. ఇంటికి వచ్చే జీపు మీద ఆసుపత్రి పేరు ఉండకూడదు. ఇంట్లో ఫోన్ ఒక్కటే అయితే, ఫోన్ చేసినప్పుడు ఎవరు ఎత్తినా పీటీఎస్‌డీ పరీక్ష గురించి అని చెప్పకూడదు. ఊళ్లో ‘పిచ్చి డాక్టరు దగ్గరికి పోతాంది’ అన్న మాట ఒక్కసారి లేచిందంటే ఆమె మళ్లీ రాదు.

ఇదే దశలో ఎవరిని చేర్చుకోకూడదో తేలుస్తారు. గర్భిణులు, గుండె, లివర్ జబ్బు ముదిరినవాళ్లు, తాగుడుకు బానిసలైనవాళ్లు సాధారణంగా బయట ఉంటారు. అల్ప్రజోలం లాంటి మాత్రలు వాడుతున్నారేమోనని మూత్రపరీక్ష చేస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మింగేవాళ్లు తక్కువేం లేరు. ఆ మాత్రలు పీటీఎస్‌డీకి వాడొద్దని అమెరికా మాజీ సైనికుల శాఖ 2023 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

చీటీ తీయడం, కళ్లకు గంత కట్టడం

రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం బుక్కరాయసముద్రం మండలంలోనే ఉంది. అలాంటి కేంద్రాల్లో కొత్త వంగడాన్ని ఒక మడిలో వేసి బాగా కాసిందని చెప్పరు. పక్కనే పాత రకం వేస్తారు. ఏ మడికి ఏ విత్తనమో చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు, నేల ఒకవైపు సారంగా ఉండొచ్చు కాబట్టి. మందుల పరీక్ష ఈ పద్ధతినే పొలం నుంచి తెచ్చుకుంది. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పనిచేసిన ఆర్.ఎ. ఫిషర్ 1920లలో దీన్ని శాస్త్రంగా మలిచాడు. క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను 107 మంది మీద పరీక్షించినప్పుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ దాన్ని రోగులకు వాడాడు; ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. 

పొలానికీ మనిషికీ ఒక తేడా ఉంది. తనకు ఏ విత్తనం పడిందో మడికి తెలియదు. తనకు ఏ మాత్ర పడిందో మనిషి ఊహిస్తాడు, ఆ ఊహతోనే కొంత బాగుపడతాడు, కొంత దిగులు పడతాడు. అందుకే డబుల్ బ్లైండ్. మందు, ప్లసీబో ఒకే రంగు, ఒకే సైజు, ఒకే రుచి. రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. క్యాప్స్ అడిగే మనిషి చికిత్స గదిలోకే రాకూడదు. ఇది రోగి మొదటి విజిటో ఆఖరి విజిటో కూడా ఆ మనిషికి తెలియకుండా చూస్తారు.

ఎండీఎంఏ ఇక్కడే బోల్తా పడింది. మన దేశంలో ఎన్‌డీపీఎస్ చట్టం కింద నిషేధ జాబితాలో ఉన్న మత్తుపదార్థం అది. అమెరికాలో దాన్ని ఇద్దరు థెరపిస్టుల సమక్షంలో ఒక్కోసారి 8 గంటల చొప్పున మూడుసార్లు ఇచ్చి పరీక్షించారు. 2021లో అచ్చయిన మొదటి ఫేజ్ 3లో, అంటే ఆఖరి మెట్టు పరీక్షలో, 90 మంది. ఎండీఎంఏ తీసుకున్నవాళ్లలో 67 శాతం మందికి ఆ జబ్బు ఉందనడానికి వీల్లేనంతగా తగ్గింది, ప్లసీబోలో 32 శాతం. 2023లో రెండోది, 104 మంది, 71కి 48. అంకెలు ఆశ పుట్టించేవే. అయితే ఆ మందు తీసుకున్న మనిషికి తాను తీసుకున్నానని తెలిసిపోతుంది. రెండో పరీక్షలో ఆ గుంపులో 10 మందిలో 9 మందికి పైగా సరిగ్గా చెప్పేశారు. గంత ఊడిపోయింది. 2024 జూన్‌లో ఎఫ్‌డీఏ సలహా సంఘంలో 9 మంది ఇది పనిచేస్తుందనడానికి ఆధారం చాలదన్నారు, ఇద్దరు చాలునన్నారు. ఆగస్టులో ఎఫ్‌డీఏ తిప్పి పంపింది. అంతకు ముందు ఫేజ్ 2లో ఒక థెరపిస్టు పరీక్షలో ఉన్న మహిళతో హద్దు మీరిన సంగతి బయటపడింది. ఆ ఆగస్టులోనే ఒక పత్రిక ఆ పరిశోధనకు చెందిన మూడు వ్యాసాలను వెనక్కి తీసుకుంది. మందు ప్రభావంలో మెత్తబడ్డ మనిషి పక్కన ఎవరు కూర్చుంటారన్నది అన్నిటికన్నా పెద్ద భద్రత ప్రశ్న.

ఇంకో సంగతి ఆ అంకెల్లోనే ఉంది. మందు లేకుండా థెరపీ మాత్రం అందుకున్నవాళ్లలో 32, 48 శాతం మంది తేరుకున్నారు. ఎవరో ఓపికగా కూర్చుని వినడమే ఎంత పని చేస్తుందో చూడండి. ఇన్నేళ్లు ఎవరూ వినని మన పల్లెల్లో ప్లసీబో గుంపు ఇంకా ఎక్కువ బాగుపడుతుందని నా అంచనా. మందు తయారీదారుకు అది చిక్కే, ఊరికి మాత్రం శుభవార్త.

12 వారాలు

మాత్ర మొదలయ్యాక రోగి మొదట్లో వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి రావాలి. బీపీ, బరువు, రక్తం, మిగిలిన మాత్రల లెక్క. వచ్చిన ప్రతిసారీ ఆత్మహత్య ఆలోచన గురించి సూటిగా అడుగుతారు. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడక్కర్లేదు, అడగకపోవడమే ప్రమాదం. మన జిల్లాలో అడగవలసిన ఇంకో ప్రశ్న, ఇంట్లో పురుగుల మందు డబ్బా ఎక్కడ పెట్టారని. విదేశీ ప్రోటోకాల్‌లో ఉండకపోవచ్చు, ఇక్కడ ఉండాలి.

పరీక్ష తేదీలు వేసేవాళ్లు పంచాంగం కన్నా ముందు పొలం చూడాలి. జూన్, జూలైలో విత్తనం, అక్టోబరు, నవంబరులో శెనక్కాయ పీకుడు. వాన తప్పితే బెంగళూరుకు వలస. నాలుగో వారం వచ్చినవాడు ఎనిమిదో వారానికి ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఏదో బిల్డింగ్ పనిలో ఉంటాడు. మధ్యలో వెళ్లిపోయినవాళ్లను లెక్కలోంచి కొట్టేస్తే ఫలితం వంకరపోతుంది. చేరిన ప్రతి మనిషినీ, మాత్ర ఆపేసినా, మొదట ఏ గుంపులో పడ్డాడో అదే గుంపులో లెక్కించాలి. అందుకని ప్రయాణ ఖర్చు, పోయిన రోజు కూలి ఇవ్వాలి. బెంగళూరులోనే కలవగలిగే ఏర్పాటు ఉండాలి.

తీవ్రమైన కీడు జరిగితే పరీక్ష నడిపే డాక్టరు (ఇన్వెస్టిగేటర్) 24 గంటల్లోపు డ్రగ్స్ కంట్రోలర్‌కు, ఎథిక్స్ కమిటీకి, పరీక్ష చేయించే స్పాన్సర్‌కు తెలియజేయాలి. వైద్యం ఉచితం. పరీక్ష వల్ల ప్రాణం పోతే పరిహారం లెక్కకు మూలం 8 లక్షల రూపాయలు. వయసును, అప్పటికే ఉన్న జబ్బు తీవ్రతను బట్టి ఆ మొత్తం మారుతుంది. ఎవరికి ఏ మాత్రో కోడ్ కింద దాచి ఉంచుతారు. ప్రాణాపాయం వస్తే ఆ ఒక్క రోగి కోడ్ విప్పి ఏ మందో చూస్తారు. మిగతావాళ్లది ముట్టుకోరు.

కోడ్ విప్పే రోజు

ఆఖరి రోగి ఆఖరి విజిట్ అయ్యాక డేటాకు తాళం వేస్తారు. తాళం పడ్డాక ఒక్క అంకె మార్చడానికి లేదు. అప్పుడు కోడ్ విప్పి, ముందు రాసిపెట్టిన లెక్కనే వేస్తారు.

ప్రజోసిన్ కథ ఇక్కడ గుర్తు పెట్టుకోవలసింది. 2013లో 67 మంది సైనికుల మీద బాగా పనిచేసింది. 2018లో 304 మంది మాజీ సైనికుల మీద 26 వారాలు చూస్తే ప్లసీబోకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తీవ్రంగా ఉన్న రోగులను డాక్టర్లు ప్లసీబో పడుతుందేమోనని పరీక్షకు పంపలేదని, చేరినవాళ్లు కాస్త స్థిమితంగా ఉన్నవాళ్లేనని ఒక వివరణ. అది నిజమైనా కాకపోయినా ఎవరు చేరారన్నది మందెంత ముఖ్యమో అంత ముఖ్యం. స్కిజోఫ్రీనియాకు వాడే బ్రెక్స్‌పిప్రజోల్‌ను సెర్ట్రలిన్‌తో కలిపి ఇచ్చిన రెండు ఫేజ్ 3 పరీక్షల్లో ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది. 2025 జూలైలో ఎఫ్‌డీఏ సలహా సంఘం 10–1తో వద్దంది.

గెలిచిన మందు కూడా ఊరికి రావాలి కదా. పరీక్షలో బాగుపడ్డ మనిషికి పరీక్ష ముగిశాక వేరే మందు లేకపోతే, డాక్టరు సిఫారసు, కమిటీ ఆమోదం ఉంటే స్పాన్సర్ ఉచితంగా ఇవ్వాలని 2019 నియమాల్లో ఉంది. సంతకం పెట్టే రోజే దీని గురించి అడిగి రాయించుకోవాలి.

మందుల పరీక్షలు వద్దనే వాదన నాది కాదు. అనంతపురం మనిషి లేకుండా తయారైన మందు అనంతపురం మనిషికి సరిపోతుందో లేదో ఎప్పటికీ తెలియదు. పరీక్ష ఇక్కడికి రావాలి. ‘వద్దు’ అనే వీలుతో, తలుపున్న గదితో, ఇక్కడి మాటలో అడిగే మనిషితో రావాలి. ఎవరైనా మీ చేతికి సమ్మతి పత్రం ఇస్తే సీటీఆర్‌ఐ నంబరు అడగండి, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అడగండి, ఇంటికి తీసుకెళ్లి ఇంకొకరితో చదివించుకోండి. ఒక ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి. చేరాక ఏ రోజైనా మానేయవచ్చు, అందుకు కారణం చెప్పనక్కర్లేదు. పరీక్షతో పని లేకుండా ఇప్పుడే సాయం కావలసినవాళ్లు టెలీ–మానస్ నంబరు 14416కు చేయవచ్చు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.